మూడుకీ నాలుగుకీ మధ్య

తెల్లారితే లెక్కల పరీక్ష. తల్లికేమో ఆస్పత్రిలో డ్యూటీ. అందుకని లిఫ్టు మెకానిక్ ఆ మధ్యాహ్నం కూతుర్ని వెంటబెట్టుకునే పనికొచ్చాడు. ఆఫీసులకు సెలవు కావడంతో భవనమంతా చడీచప్పుడూ లేదు. కుదురుగా ఒకచోట ఉండదని ఇంట్లో అందరూ ఆ పిల్లని ఉడత అంటారు.

డాబా మీది మెషిన్ రూములో, లిఫ్టు ఎక్కడుందో చూపించే అంకెల పెట్టె ఉంది. "అంతస్తుకీ అంతస్తుకీ మధ్య దూరం పది ముక్కలనుకో. ముక్క దాటినప్పుడల్లా పాయింట్ పక్క అంకె మారుతుంది. మూడు పాయింట్ తొమ్మిది తర్వాత?"

"మూడు పాయింట్ పది."

"మళ్లీ అదే! బుర్రే ఉందా, మట్టి ఉందా?"

"నీ బుర్రే వచ్చిందంటుందిగా అమ్మ."

అతనికి చిర్రెత్తుకొచ్చింది. మూడో అంతస్తుకి దింపి, లిఫ్టులో కూర్చోబెట్టి, ఒళ్లో పది వాషర్లు, నడుమ చిల్లున్న ఇనుప బిళ్లలు, పోశాడు. "నెమ్మదిగా నడుపుతాను. తలుపు పైనా అవే అంకెలు పడతాయి, చూసి ఈ లిఫ్టు ఫోన్లో నాకు చదువు. ముక్క దాటితే ఒక వాషరు పక్కన పెట్టు. అర్థమయ్యేదాకా దిగడానికి వీల్లేదు."

పైకెళ్లి లిఫ్టు కదిలించాడు.

"మూడు పాయింట్ ఎనిమిది... తొమ్మిది..." ఉడత గొంతు హుషారుగా ఉంది. "మూడు పాయింట్ పది!"

నవ్వబోయి ఆగిపోయాడు. పాయింట్ పక్కన ఒక్క అంకెకే చోటున్న ఆ పెట్టె మీద 3.10 పడింది. తర్వాత 3.11. లిఫ్టును లాగే ఇనుప తాడు చక్రం మీద నడుస్తూనే ఉంది. ఆపే బటన్ నొక్కాడు. మెయిన్ స్విచ్ దించేశాడు. మోటారు మూగబోయింది. తాడు మాత్రం ఆగలేదు.

"మూడు పాయింట్ పదిహేడు. నాన్నా, చలేస్తోంది. గోడ అవతల ఇంకో అమ్మాయి కూడా లెక్కపెడుతోంది."

అతను ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. "నాలుగు అను తల్లీ! నాలుగు!"

"నాలుగు... అన్నాను. కానీ ఇక్కడ మూడు పాయింట్ ఇరవై నాలుగు పడింది." గొంతు ఏ బావి అడుగునుంచో వస్తున్నట్టు సన్నబడిపోతోంది.

జవాబు తను చెప్పి అనిపిస్తే చాలదని అతనికి తెలిసింది. అర్థమయ్యేదాకా దిగడానికి వీల్లేదన్నది తనే. నేల మీద చతికిలబడి, నిదానంగా మొదలుపెట్టాడు.

"పాయింట్ పక్కది చిన్న గది అనుకో. తొమ్మిదిమందికే చోటు. పదోవాడొచ్చాడు. ఏం చేస్తారు?"

"తోసుకుంటారు."

"తోసుకున్నా పట్టరమ్మా. ఎడమపక్కన పెద్ద గది ఉంది. కానీ అందులోకి ఒక్కొక్కరుగా రానివ్వరు."

తాడు నడుస్తోంది. తర్వాత, ఇనుము ఇనుముకు తగిలిన చిన్న చప్పుడు.

"నాన్నా, పది వాషర్లనీ నా రిబ్బనుకి గుచ్చేశా. ఇప్పుడు అందరూ కలిసి ఒక్కరే. పెద్ద గదిలో ఆల్రెడీ ముగ్గురున్నారు. వీడు అందులోకి పోతే... నాలుగు! మరి చిన్న గది ఖాళీ కదా?"

"ఖాళీ అయితే?"

"సున్నా పెడతాం. నాలుగు పాయింట్ సున్నా."

తాడు ఆగింది.

మెట్లు ఎలా దిగాడో తెలియదు. నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుని ఉంది. రిబ్బను పట్టుకుని ఉడత బయట నిలబడింది. పిల్లని గుండెకు అదుముకున్నాడు. దాని చేతులు మంచుముద్దల్లా ఉన్నాయి.

ఖాళీ లిఫ్టులో ఫోన్ ఇంకా పలుకుతోంది.

"మూడు పాయింట్ ఆరు లక్షల పన్నెండు... మూడు పాయింట్ ఆరు లక్షల పదమూడు..." అలసిపోయిన చిన్నపిల్ల గొంతు.

"పద, ఇంటికి పోదాం," అని చెయ్యి లాగాడు.

"ఉండు నాన్నా. పాపం, గోడ అవతలి పిల్లకెవరూ చెప్పలేదు." ఉడత లిఫ్టులోకి తల పెట్టి కేకేసింది. "ఒసేయ్, నీ దగ్గర వాషర్లున్నాయా?"

లెక్క ఆగింది. "లేవు."

ఉడత రిబ్బను విప్పింది. లిఫ్టుకీ గచ్చుకీ మధ్య సందులోంచి వాషర్లన్నీ జారవిడిచింది. కింద పడ్డ చప్పుడు కోసం మెకానిక్ చెవులు రిక్కించాడు.

ఆ చప్పుడు ఫోన్లోంచి వినిపించింది.