కాలు కాలిన పిల్లి

"ఏంటే ఆ తిరుగుడు, కాలు కాలిన పిల్లిలా!" అంది మా అత్తగారు, తుడిచిన స్టవ్వునే నేను మళ్ళీ తుడుస్తుంటే. ఆవిడ తప్పేం అనలేదు. కూచుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో తెలీదు. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి బాల్కనీలోకి, అక్కడ ఎప్పుడో ఆరిన బట్టల్ని తడిమి చూసి మళ్ళీ వంటింట్లోకి. లోపల ఎవరో కొలిమి తిత్తి ఊదుతున్నట్టుంటుంది. ఒళ్ళేమో నానబెట్టిన దుప్పటంత బరువు. రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకే అర్థం కాదు. అన్నం నోట్లో పెట్టుకుంటే కాగితం నమిలినట్టుంది. పాప బళ్ళో పరుగుపందెం గెలిచానని ఎగురుకుంటూ వస్తే నవ్వాను. మూతి నవ్వింది, నేను నవ్వలేదు.

డిప్రెషనేమో అని నేనే ఒకసారి అన్నాను. మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "అదొస్తే మంచమెక్కుతారు. నువ్వు గోడలెక్కుతున్నావు," అన్నాడు. తన జోకుకి తనే నవ్వుకున్నాడు. అత్తగారైతే, "తిన్నదరక్క వచ్చే రోగాలమ్మా ఇవన్నీ," అంది. తింటే కదా, అరక్కపోవడానికి!

చొక్కాల కంపెనీలో తప్పులు పట్టడం నా పని. బల్ల మీదికొచ్చిన చొక్కాని తిరగేసి, కుట్టు లాగి చూసి, బాగోకపోతే పక్కన పడెయ్యాలి. మొన్న రెండువైపులా ఎడమచెయ్యే కుట్టిన చొక్కాని బాగుందని పంపేశాను. సూపర్‌వైజరు దాన్ని జెండాలా ఎత్తిపట్టుకుని, "కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా తల్లీ?" అన్నాడు. ఎద్దుపుండు కాకికి ముద్దన్నట్టు అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వి, బాత్రూంలోకెళ్ళి కొళాయి తిప్పుకుని ఏడ్చాను. అది చెబితే ఇంట్లో ఎవరూ కదల్లేదు. కూరలో ఉప్పు వరసగా మర్చిపోయాకే మా ఆయన నన్ను డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాడు.

"ఎప్పట్నుంచమ్మా ఇలా?" డాక్టరమ్మ నన్నే అడిగింది.

"ఈ మధ్యేనండీ. కూరల్లో ఉప్పు మర్చిపోతోంది," అన్నాడు మా ఆయన.

ఓహో, నా రోగం ఆయన నాలిక మీద పుట్టిందన్నమాట! కాలేజీ రోజుల్లో పరీక్షకి వెళ్ళకుండా గోడవైపు తిరిగి పడుకుంటే 'మొండితనం' అన్నారు. పాప పుట్టాక, పాలిస్తూ కారణం లేకుండా ఏడుస్తుంటే 'ఒళ్ళు పచ్చిగా ఉంది, అదే సర్దుకుంటుంద'న్నారు. వచ్చినప్పుడల్లా దానికో పేరు పెట్టారు, రోగమని తప్ప.

"నిద్ర ఎలా ఉంది?"

"మేం బానే పడుకుంటామండీ," మళ్ళీ ఆయనే.

"మీ పుట్టింట్లో ఎవరికైనా ఇలాంటిది ఉందా?"

"అబ్బే, అందరూ లక్షణంగా ఉంటారండీ."

మా అమ్మ కళ్ళముందు మెదిలింది. తోమిన గిన్నెల్నే మళ్ళీ తోమేది. 'మా ఆవిడకి శుభ్రాల పిచ్చి' అని మా నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. గిన్నెలు తళతళలాడేవి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "చచ్చిపోవాలనిపిస్తుందా అమ్మా?"

మా ఆయన పెద్దగా నవ్వేశాడు. "ఛఛ, దీనికంత తీరికెక్కడిదండీ!"

బల్లకింద నా కాలు ఆడుతూనే ఉంది.

"దానికి తీరికక్కర్లేదండీ," అన్నాను. "కూర కలుపుతూ కూడా అనుకోవచ్చు. ఉప్పు మర్చిపోయేది అందుకే."

ఆయన నవ్వు మూతి మీదే ఆగిపోయింది. "ఏం మాటలే అవి! డాక్టరుగారూ, ఇది ఊరికే..."

"మీరు కాస్త బయట కూచోండి," అన్నాను. పెళ్ళయ్యాక నేను ఆయన్ని ఒకచోటినుంచి లేవమనడం అదే మొదలు. ఆయన డాక్టరమ్మ వైపు చూశాడు. ఆవిడ తలూపింది. తలుపు దాకా వెళ్ళి, "ఇంటికెళ్ళాక..." అంటూనే బయటికెళ్ళాడు.

"మా అత్తగారు నన్ను కాలు కాలిన పిల్లి అంటారండీ," అన్నాను తలుపు పడ్డాక. "తిరగడం అందరికీ కనబడింది. కాలు ఎప్పుడు కాలిందని అడిగింది మీరొక్కరే."

బయట వరండాలో ఆయన చెప్పుల చప్పుడు. అటూ ఇటూ, ఇటూ అటూ.

నేను కుర్చీలో వెనక్కి జారగిలబడ్డాను. "మా అమ్మ దగ్గర్నుంచి మొదలెట్టనా?"