సాంబయ్య గుసగుస

బతుకుతెరువుకు వలసొచ్చి కడోదరాలో సాంచాలు నడిపేవాళ్లకు గుసగుసలాడటం రాదు. ఆ మరమగ్గాల మోతలో ఏళ్ల తరబడి అరిచి అరిచి, పక్కన కూర్చున్నవాడితో కూడా పొలిమేర దాకా వినపడేట్టే మాట్లాడతారు. ఆ సంగతి వాళ్లకు తప్ప అందరికీ తెలుసు.

కరోనా రెండోసారి విరుచుకుపడి కార్ఖానా మూతపడటంతో వీధి చప్పబడిపోయింది. ఆ మధ్యాహ్నం, సాంబయ్య తల్లిని చేర్చిన దవాఖానా నుంచి ఫోను వచ్చింది. సాంబయ్య భార్యను వంటింట్లోకి లాక్కెళ్లి, తలుపు దగ్గరగా వేసి, తనకు చేతనైన గుసగుస మొదలుపెట్టాడు.

"అవ్వ సచ్చిపోయిందే సమ్మక్కా! మొకం గూడ చూడనియ్యరంట! పోరికి జర తెల్వనియ్యకు!"

"నేనెందుకు చెప్త? నువ్వే మెల్లగ మాట్లాడు!" ఆమె అంతకంటే గట్టిగా గుసగుసలాడింది. ఎదురింటివాళ్లు టీవీ కట్టేశారు.

ముందు గదిలో ఉన్న ఎనిమిదేళ్ల హారతి అంతా విన్నది. నాయినమ్మను బాపమ్మ అని పిలుస్తూ, ఆమె పక్కలో తప్ప నిద్రపోని పిల్ల. నోరు తెరిచి ఏడవబోయింది. అంతలో నాయిన బయటికొచ్చాడు. ఆయన మొహం చూసి దానికి మరీ భయమేసి, వచ్చే ఏడుపును మింగేసింది.

"బాపమ్మకు జరం తక్కువైతున్నది బిడ్డా," అన్నాడు సాంబయ్య. పాపం, ఎవరూ అడగలేదు.

అంతటితో ఊరుకున్నాడా! పక్క గదిలో ఉండే తోటి పనివాడు ఆగయ్యను బతిమాలి, ఫోనులో బాపమ్మలా మాట్లాడమన్నాడు. సాయంత్రం మీసాల ఆగయ్య గొంతు సన్నం చేసుకున్నాడు.

"ఏం బిడ్డా, మంచిగున్నవా?"

ఆ గొంతు ఫోనులో కంటే ముందు గోడలోంచి వచ్చింది. హారతి గోడ వైపు చూసింది, నాయిన వైపు చూసింది. ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"మంచిగున్న బాపమ్మా. నువ్వు బువ్వ తిన్నవా?"

గోడ అవతల ఆగయ్య బోరుమన్నాడు. ఆ ముసలమ్మ చేతి రొట్టె అతనూ తిన్నవాడే.

"ఏడ్వకు బాపమ్మా. దవాఖానల మంచిగనే చూస్తరు," అని ఓదార్చి, హారతి ఫోను పెట్టేసింది.

"ఏమన్నది బిడ్డా?"

"మంచిగున్నదంట నాయినా. నిన్ను బువ్వ తినుమన్నది."

పొద్దుటి నుంచి ముద్ద ముట్టని సాంబయ్య కంచం ముందు కూర్చున్నాడు. పిల్ల నమ్మిందని ఎంత సంబరమో ఆయనకు! ఆయన తిని చెయ్యి కడుక్కునేదాకా హారతి ఏడవకుండా ఎదురుగా కూర్చుంది.