గుమ్మం దగ్గరి అడుగులు

రేపే సమీక్ష. పరిశోధకురాలికి పొద్దుటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. నాలుగేళ్ల చాకిరీ అంతా ఒక్క గ్రాఫులో ఉంది: చూపు పోయిన బావ సాయం కోసం పిలిచే పిలుపులు రోజుకు నలభై నుంచి మూడుకు పడిపోయాయి. ఆయన గదిలో గోడలకూ నేలకూ ఆమె అమర్చిన సెన్సర్లు కదలికను పసిగట్టి, "కప్పు కుడివైపు ఉంది" అని అడక్కముందే చెబుతాయి. విశ్వవిద్యాలయంలో అందరూ ఆమె భుజం తట్టారు.

ఒక్కటే పంటికింద రాయి. గుమ్మం దగ్గరి సెన్సరు రోజూ నలభై సార్లు ఎవరివో అడుగులు నమోదు చేస్తోంది. ఆ అడుగులు గదిలోకి మాత్రం రావు. సెన్సరు లోపమని ఆమె ఆ అంకెలన్నీ తీసిపారేసింది. తీరా నిన్న ప్రొఫెసరు, "అది చెడిపోయిందనడానికి రుజువేదమ్మా?" అన్నారు. దాంతో పడుతూ లేస్తూ అక్క ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

సెన్సరు విప్పింది, బిగించింది, మళ్లీ విప్పింది. నిక్షేపంలా పనిచేస్తోంది. ఆమెకు కోపం నషాళానికంటింది.

"ఏం మరదలు పిల్లా, నా గుమ్మం చేత కూడా పరీక్ష రాయిస్తున్నావా?" కుర్చీలోంచి బావ నవ్వాడు. ఒకప్పుడు గడియారాలు బాగుచేసిన చేతులు ఒళ్లో ఊరికే ఉన్నాయి.

"ఇది దొంగ లెక్కలు చెబుతోంది బావా!"

"పాపం, దాన్నేమీ అనకు. ఆ అడుగులు మీ అక్కవి."

అంతలోనే వంటింట్లోంచి అక్క చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. భర్తను ఒకసారి చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

"రోజంతా ఇంతే," బావ గొంతు తగ్గించాడు. "పిలుస్తానేమోనని వస్తుంది. నాకు వినపడుతూనే ఉంటుంది. నోరు తెరిచేలోపే నీ గోడ అన్నీ చెప్పేస్తుంది. ఇంకేం వంక పెట్టుకుని పిలవను?"

పరిశోధకురాలికి తల కొట్టేసినట్టయింది. సొంత అక్క అడుగులను తన చేత్తోనే లోపమని కొట్టేసింది. ఏడుపొచ్చింది. అంతకంటే ముందు భయమేసింది, రేపు ఆ గ్రాఫు నిలబడదు. కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగింది. చివరికి వెళ్లి సెన్సర్ల మీట కట్టేసింది.

టక్కుమన్న చప్పుడుకు బావ సర్దుకుని కూర్చున్నాడు. బల్ల మీద తడిమి కప్పు అందుకున్నాడు.

"ఏమోయ్! నా కప్పెక్కడ పెట్టావ్?"

అక్క విసవిసా వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు.

"చేతిలో ఉన్నదాన్ని అడుగుతారేంటండీ, మతి గానీ పోయిందా!" అని తిడుతూనే ఆయన పక్కన కూర్చుంది.

పరిశోధకురాలు ల్యాప్‌టాప్ తెరిచింది. తీసిపారేసిన అంకెలను ఒక్కొక్కటే వెనక్కి చేర్చడం మొదలుపెట్టింది.