అగ్నిపీత కూర లెక్క

అగ్నిపీత కూర తిన్నవాడు పుట్టగొడుగుల సూపు తాగినవాడి కంటే మెత్తగా కొట్టాడంటే ఎవరైనా నమ్ముతారా? నేను నమ్మలేదు. నమ్మనంటే నమ్మనని కంప్యూటర్ తెరతోనే పోట్లాటకు దిగాను.

ముందు మా సంగతి చెప్పాలి. మా ఇంట్లో వంట మా ఆయనది, ఆటలో వంట నాది. ఆన్‌లైన్‌లో ఇద్దరం ఒకే ఆట ఆడతాం. అందులో ఆయన కత్తి తిప్పే యోధుడు, నేను జట్టుకు వంటమనిషిని. పోరుకు వెళ్ళేముందు నేను వండింది తింటే వాళ్ళకు కాసేపు బలం పెరుగుతుంది. దాన్నే బఫ్ అంటారు. సూపుకి కొంచెం, కాల్చిన చేపకి ఇంకొంచెం, అగ్నిపీత కూరకి అన్నింటికంటే ఎక్కువ. ఆ పీతలు దొరకడమే గగనం కాబట్టి, ఉన్న నాలుగు గిన్నెల కూర ఎవరెవరికి పెడితే జట్టుకు ఎక్కువ లాభమో తేల్చేది కూడా నేనే. నా ఉద్యోగమూ అలాంటిదే లెండి. కోళ్ళ దాణా కంపెనీ ల్యాబులో కూర్చుని, ఏ మేత తింటే కోడి ఎంత బరువు పెరుగుతుందో చూస్తుంటాను. పగలు కోళ్ళు, సాయంత్రం వీరులు. పెద్ద తేడా లేదు, కోళ్ళు ఎదురు మాట్లాడవు, అంతే.

మా ఆయన క్రేన్ ఆపరేటర్. కడుతున్న భవనాల పైన, ఆకాశంలో వేలాడే చిన్న గాజుగదిలో కూర్చుని, రెండు చేతులతో రెండు మీటలు పట్టుకుని ఇనుప దూలాలు దించుతారు. కింద నిలబడి ఈల ఊదుతూ, చెయ్యి ఊపుతూ ఆయనకు దారి చూపించేవాణ్ణి అందరూ ఈలగాడు అంటారు. ఆటలో మా జట్టు నాయకుడు కూడా వాడే. నన్ను నోరారా వదినా అని పిలుస్తాడు. దూలానికీ వాడి నెత్తికీ మధ్య ఉండేది మా ఆయన చెయ్యి ఒక్కటే. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, గుర్తుపెట్టుకోండి.

ఆ ఆదివారం సాయంత్రం గనిలో రాతి రాక్షసుడితో పోరు ఉంది. భోజనాలు కాగానే మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పరీక్ష మొదలుపెట్టాను. పరీక్షంటే బ్రహ్మవిద్యేం కాదు. ఆటలో ఊరి బయట మైదానంలో ఒక గడ్డిబొమ్మ ఉంటుంది, అక్కడ ఎంత తిన్నా గిన్నెలు తరగవు. ఒక వంటకం తిని, ఇసుక గడియారం తిరగేసి, ఇసుక అయిపోయేదాకా ఆ బొమ్మను కొట్టాలి. మొత్తం ఎంత దెబ్బ పడిందో తెర మీద అంకె వస్తుంది. వెంటనే ఇంకో వంటకం. ముందు చవకది, తర్వాత మధ్యరకం, చివర ఖరీదైనది. ఎప్పుడు చేసినా అదే వరస.

సూపు తాగి కొట్టారు, బాగానే ఉంది. చేప తిని కొట్టారు, తగ్గింది. పీత కూర తిని కొట్టారు, ఇంకా తగ్గింది.

"ఇదేం విడ్డూరమండీ! తిండి పెరిగేకొద్దీ బలం తగ్గుతుందా ఎక్కడైనా?"

"కీబోర్డు సరిగ్గా పడట్లేదోయ్," అన్నారు ఆయన తెర మీంచి చూపు తిప్పకుండా.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికొకడు. మొన్ననేగా కొత్తది కొన్నాం!"

ఆయన నవ్వలేదు. మామూలుగా అయితే నవ్వి, నీ వంట తిన్నాక బలం ఎక్కడ మిగులుతుందని ఒక చురక వేస్తారు. అది నేను అప్పుడే పట్టుకోవాల్సింది. పట్టుకోకుండా లెక్క మీద పడ్డాను. బలానికి ఆటలో ఏదైనా హద్దు పెట్టారేమో, ముందు తిన్నది అరగకుండా తర్వాతది పట్టట్లేదేమో అని ఒకటికి నాలుగు రకాలుగా గుణించి చూశాను. ఎటు తిప్పినా పీత కూరే గెలవాలి. వేరే జట్లలో వంట చేసేవాళ్ళను అడిగితే, "మాకు సరిగ్గానే వస్తోంది, మీ లెక్కలోనే ఏదో తేడా ఉంది చూసుకోండి," అని జవాబు. నా లెక్కలో తేడా! ఒళ్ళు మండిపోయింది.

అంతలో ఈలగాడు ఫోన్ చేశాడు.

"వదినా, పీత కూర ఎవరెవరికో తేల్చారా? అన్నకి మాత్రం తప్పకుండా పెట్టండి. అన్న ముందు లేకపోతే రాక్షసుడు మనందర్నీ పచ్చడి చేసేస్తాడు."

"తేలుస్తాలే, కాస్త ఆగు," అని పెట్టేశాను. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "లేవండి, నేను కొడతా," అన్నాను.

"నీకు కత్తి తిప్పడం ఏం వచ్చు?"

"రాకపోతే రాకపోయింది. బటన్లు నొక్కడం వచ్చు కదా. లెండి."

నేను కొట్టింది చూసి గడ్డిబొమ్మ కూడా నవ్వుకునే ఉంటుంది. అయినా సూపు కంటే చేపకు అంకె పెరిగింది, చేప కంటే పీత కూరకు ఇంకా పెరిగింది. వంటకంలో దోషం లేదు. కత్తిలో లేదు. కీబోర్డులో లేదు. సంబరపడాల్సింది పోయి నా గుండెల్లో రాయి పడింది. ల్యాబులో అయితే ఈ మాట మొదటిరోజే అనేదాన్ని, మేత మంచిదైనా బరువు తగ్గుతోందంటే కోడిని చూడండర్రా అని. ఇక్కడ మేతనే తిప్పి తిప్పి చూశాను గానీ కోడి వైపు చూడనేలేదు.

"ఇంకొక్కసారి మీరు కొట్టండి. ఈసారి వరస తిరగేద్దాం. ముందు పీత కూర, చివర సూపు."

"ఎందుకిప్పుడు?"

"ఊరికే."

ఆయన నా మొహంలోకి చూసి, మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. నేను కొట్టినంతసేపూ విశ్రాంతి దొరికిందేమో, పీత కూరతో ఎన్నడూ లేనంత పెద్ద అంకె వచ్చింది. "చూశావా!" అన్నారు చిన్నపిల్లాడిలా. చేపకు తగ్గింది. సూపు దగ్గరికి వచ్చేసరికి నేను తెర చూడ్డం మానేసి ఆయన కుడిచెయ్యి చూడ్డం మొదలుపెట్టాను. బొటనవేలు, చూపుడువేలు కదులుతున్నాయి. చివరి రెండు వేళ్ళూ కలిపి కుట్టేసినట్టు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. బటన్ నొక్కాలంటే మణికట్టు మొత్తం ఎత్తి దించుతున్నారు. పైపెదవి మీద చెమట పట్టింది. ఇసుక అయిపోకముందే ఎడమచెయ్యి అడ్డంగా తెచ్చి దాంతో నొక్కేశారు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏది?"

"నాటకాలొద్దు."

"అలిసిపోయిందంతే. కాసేపు ఆగితే సర్దుకుంటుంది."

"దూలం గాల్లో ఉన్నప్పుడు, కాసేపాగవే అని దానికి చెప్తారా?"

ఆయన చెయ్యి తీసి తొడ కింద పెట్టుకున్నారు. ఈమధ్య ఇంట్లో ఆయన వండే కూరలో ముక్కలు ఇంతింత లావున పడుతుంటే, గుర్రాలకా వండుతున్నారని వెక్కిరించాను. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అంతసేపా, పెళ్ళిచూపులకా వెళ్తున్నారని ఎగతాళి చేశాను. నా నోరు పడిపోను! ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన ఓదార్చడం మొదలుపెట్టి అసలు సంగతి దాటేస్తారని కోపాన్నే గట్టిగా పట్టుకున్నాను.

"డాక్టర్‌కి చూపించారా?"

"చూపిస్తే కాగితం మీద రాస్తాడు. రాస్తే నన్ను కిందికి దించేస్తారు. ఇన్నేళ్ళూ పైన కూర్చున్నవాణ్ణి, కింద నిలబడి ఇంకొకడు దించుతుంటే చూస్తూ ఎలా ఉండను చెప్పు?" చెయ్యి తొడ కిందికి ఇంకా లోపలికి తోసుకున్నారు. "నేనేం పిచ్చోణ్ణి కాదు. జాగ్రత్తగానే ఉంటున్నా. పొద్దున ఎక్కగానే చెయ్యి బాగుంటుంది. బరువైనవన్నీ అప్పుడే దించేస్తున్నా. తేలికవి చివరికి పెట్టుకుంటున్నా."

అది విన్నాక నాకు నిజంగా భయం వేసింది. చెయ్యి ఎప్పటిదాకా పనిచేస్తుందో, ఎప్పటినుంచి చెయ్యదో ఈ మనిషికి తెలుసు. తెలిసి, దానికి తగ్గట్టు వరస వేసుకుని, రోజూ ఆ నిచ్చెన ఎక్కుతున్నారు. గాలి వీచి పని ఆలస్యమైన రోజున? బరువైన దూలం సాయంత్రం వచ్చిన రోజున? నా కళ్ళ ముందు దూలం ఊగుతూనే ఉంది, కింద వాడు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

మళ్ళీ ఫోన్ మోగింది. ఈలగాడే. స్పీకర్ నొక్కాను.

"వదినా, అందరూ వచ్చేశారు. చెప్పెయ్యండి మరి, కూర ఎవరికి?"

నలుగురి పేర్లు చెప్పాను. అందులో మా ఆయన పేరు లేదు.

"అదేంటి! అన్నకి?"

లెక్క కుదర్లేదని ఒక అబద్ధం ఆడేస్తే ఈ పూట గడిచిపోతుంది. రేపు పొద్దున ఈయన పైకి ఎక్కుతారు, వాడు కింద నిలబడతాడు. ఇంతలో మా ఆయనే ఫోన్ తన దగ్గరికి లాక్కున్నారు.

"ఒరేయ్, రేపు నా దూలం దగ్గరికి రాకు. నా చెయ్యి బాగాలేదు."

"ఏంటన్నా జోకులు," అంటాడనుకున్నాను. వాడు ఆ మాట అనలేదు.

"తెలుసన్నా," అన్నాడు మెల్లగా.

"ఏం తెలుసు?"

"చివర్లో దించేటప్పుడు కుదుపు వస్తోంది. ఇదివరకు నువ్వు దించితే చప్పుడే ఉండేది కాదు. అందుకే కొన్నాళ్ళుగా వెనక్కి జరిగి నిలబడుతున్నా. నిన్ను అడగడానికి నోరు రాలేదన్నా."

మా ఆయన మొహం పాలిపోయింది. "పైనుంచి చూస్తూనే ఉన్నాన్రా. వీడేంటి అంత దూరంగా నిలబడుతున్నాడు, కొత్త రూలేమైనా పెట్టారేమో అనుకున్నా," అన్నారు.

నేనిక ఆగలేకపోయాను. "నీకు బుద్ధుందా అసలు? నువ్వు వెనక్కి జరిగావు సరే, నీ పక్కన కొక్కేలు విప్పేవాళ్ళకి చెప్పావా?"

"చెప్తే అన్నని దించేస్తారు కదా వదినా."

"చెప్పకపోతే…" అన్నాను. మిగతాది నా నోటితో అనలేకపోయాను. అవతల వాడు ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినిపించింది.

"పెట్టేస్తున్నాన్రా," అన్నారు మా ఆయన. "సూపర్‌వైజర్‌కి చెయ్యాలి."

"రేపు వెళ్ళి చెప్దాంలే అన్నా, నేనూ వస్తా."

"రేపు పొద్దునయ్యేసరికి చెయ్యి బాగుంటుందిరా. బాగుంటే చెప్పను."

ఎడమచేత్తో ఒక్కొక్క అంకే వెతుక్కుంటూ నొక్కారు. నేను నొక్కుతానంటే ఇవ్వలేదు. అవతల రింగవుతోంది. మధ్యాహ్నం నుంచీ ఆయన మీద అరిచి గోల పెట్టిన నేనే, ఇప్పుడు ఆ రింగు వింటూ, ఎత్తొద్దు, ఎత్తొద్దు అని లోలోపల మొక్కుకుంటున్నాను. అలా మొక్కుకుంటుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఎత్తారు.

"సార్, నేను, రెండో క్రేన్ ఆపరేటర్‌ని. రేపు నన్ను పైకి ఎక్కించకండి."

ఏమైందని అడిగినట్టున్నారు. మా ఆయన కుడిచెయ్యి తొడ కిందనుంచి తీసి బల్ల మీద పెట్టారు, పిడికిలి బిగించబోయారు. సగంలో ఆగిపోయింది.

"నా చెయ్యి నా మాట వినట్లేదు సార్," అన్నారు.