బరువైనదే ఇవ్వండి

కూరగాయలు కడిగే చిల్లుల గిన్నెని బోర్లించి, దాని మీద లాప్‌టాప్ పెట్టి, మూతకి ఎడమ మూల బట్టల క్లిప్పు తగిలించి, చార్జరు పిన్నుని కాస్త కుడివైపుకి వంచి పట్టుకుంటే అప్పుడు ఆ యంత్రం లేచేది. ఈ విద్యలన్నీ ఆమెకి ఎవరూ నేర్పలేదు. చిల్లుల్లోంచి గాలాడితే వేడెక్కదని ఆకుకూర కడుగుతుంటే తట్టింది. క్లిప్పు బిగిస్తే తెర మినుకుమినుకుమనడం ఆగుతుందని బట్టలు ఆరేస్తూ కనిపెట్టింది. ఒకసారి ఒక అక్షరం మీట పనిచేయడం మానేసింది. ఆ అక్షరాన్ని పాత రిపోర్టులోంచి కాపీ చేసుకొచ్చి, కావలసిన ప్రతిచోటా అతికిస్తూ రెండు రోజులు పని నడిపింది. ఆఫీసులో ఒక్కరికైనా అనుమానం వస్తే ఒట్టు. ఇలాంటి బుర్ర ఏ కంపెనీలోనో ఉంటే దానికి శాలువా కప్పి ఫొటో తీసేవాళ్ళు. వంటింట్లో ఉంది కాబట్టి, "గిన్నె మళ్ళీ ఎక్కడ పెట్టావే అమ్మాయ్?" అని అత్తగారు వెతుక్కునేవారు.

ఆమె చేసేది ఆసుపత్రుల పని. డాక్టర్లు రోగిని చూశాక గబగబా మాట్లాడి రికార్డు చేసి పంపిస్తారు. అది విని, తప్పు లేకుండా రిపోర్టు రాయాలి. కొందరు తింటూ మాట్లాడతారు, కొందరు మెట్లు దిగుతూ మాట్లాడతారు. ఒకాయన దగ్గకుండా రెండు వాక్యాలు చెప్పలేడు. ఆ దగ్గుల మధ్య మందు పేరు పట్టుకోవడం ఆమె ఒక్కదాని వల్లే అవుతుందని ఆయన పనంతా ఆమెకే వచ్చేది. ఒకసారి ఒక డాక్టరు మొదట ఎడమ మోకాలని, చివర్లో కుడి మోకాలని అన్నాడు. ఆమె అక్కడ ఆగి, ఆఫీసుకి రాసి, ఏ కాలో అడిగించింది. ఆపరేషను మర్నాడే. ఆ మోకాలు ఎవరిదో ఆమెకి తెలియదు, ఆ మనిషికీ ఈమె తెలియదు. ఆ సాయంత్రం ఆమె సంతోషం పట్టలేక భర్తకి చెప్పింది. "ఊఁ, మంచిదే," అన్నాడాయన టీవీ మీంచి చూపు తిప్పకుండా. "వినడం, టైపు కొట్టడం. హాయైన పని. ఇంటిపట్టున కూర్చుని."

మోకాలి సంగతి ఆయన మరిచిపోయినా ఆఫీసు మరవలేదు. సోమవారం నుంచి మిగతావాళ్ళు రాసినవి కూడా ఆమే సరిచూడాలని కబురు చేసింది. పదకొండేళ్ళ పనిలో మొదటి మెట్టు. ఆ కబురు వచ్చిన శుక్రవారమే యంత్రం కన్నుమూసింది.

ముందు మరీ అంత పోలేదు. తెర నల్లబడి, మళ్ళీ వెలిగి, ముక్కుతూ మూలుగుతూ ఉంది. భర్త చూసి, "అక్కర్లేనివి పేరుకుని ఉంటాయి, నేను శుభ్రం చేస్తానుండు," అని గంటసేపు ఏవేవో తీసేశాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ తర్వాత అది లేవనేలేదు. "దాని ఆయుష్షు తీరిపోయింది, నేనేం చేయను," అని లేచి చేతులు కడుక్కున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఈ కథ ఎప్పుడో అయిపోయేది.

శనివారం పొద్దున్న ఆమె దాన్ని పాత తువ్వాల్లో చుట్టుకుని రిపేరు షాపుకి తీసుకెళ్ళింది. పాతవి బాగుచేసి, కొత్తవి అమ్మే ఆ షాపుని నడిపేది ఒక కళ్ళద్దాలావిడ. ఆవిడ మరలు విప్పుతూ విప్పుతూ ఆగి, "ఈ క్లిప్పు ఎవరు పెట్టారండీ?" అంది.

"నేనేనండీ," అంది ఆమె, తప్పు చేసినట్టు.

"లోపల వైరు సగం తెగింది. ఈ క్లిప్పు నొక్కిపెట్టబట్టి ఇన్నాళ్ళు బొమ్మొచ్చింది. ఇది పోయి రెండేళ్ళయిందండీ, మీరే బతికించుకొస్తున్నారు." ఆవిడ మొహంలో వేళాకోళం లేదు. తోటి పనివాళ్ళని చూసినట్టు చూసింది. ఆమెకి చెవులు వేడెక్కాయి. పొగిడితే ఎలా నిలబడాలో ఆమెకి తెలియదు.

కళ్ళద్దాలావిడ మూత కీలు చూసింది, చార్జరు రంధ్రంలోకి లైటు వేసి చూసింది. అప్పుడు వింత ప్రశ్న అడిగింది. "రోజుకి ఎన్నిసార్లు దీన్ని చోటు మారుస్తారు?"

"ఎందుకండీ?"

"లోపల బోర్డు శుభ్రంగా ఉంది. కీలూ, వైరూ, పిన్ను దూరే చోటూ అరిగిపోయాయి. ఇది వాడి పాడవలేదండీ, మోసి పాడైంది. ఊళ్ళు తిరిగే ఉద్యోగమా మీది?"

ఊళ్ళా? ఆమె గడప దాటడమే తక్కువ. కానీ లెక్క పెట్టడం మొదలుపెడితే వేళ్ళు చాలలేదు. తెల్లవారగానే ముందుగది కిటికీ పక్క పెద్ద బల్ల మీద మొదలుపెడుతుంది. భర్త టిఫినుకి రాగానే పడకగదికి. ఆయన స్నానం చేసి బట్టల కోసం వస్తాడు, అక్కణ్ణుంచి అత్తగారి మంచం కొసకి. అత్తగారు నడుం వాలుస్తారు, వంటింటి గట్టు మీదకి. కుక్కరు ఆవిరి పడుతుందని గట్టు మీంచి స్టూలు మీదకి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్ళీ పెద్ద బల్ల, ఎవరైనా చుట్టాలొస్తే మేడమెట్లు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు ఆ యంత్రాన్నీ, ఆ గిన్నెనీ, ఆ చార్జరునీ చంకనేసుకుని ఆ ఇంట్లోనే తిరిగింది. ఎవరూ ఎప్పుడూ ఆమెని పొమ్మనలేదు. "కాస్త జరుపుకుంటావా" అనే అన్నారు. కాస్తే కదా అని ఆమె జరిగింది. ఆ కాస్తలన్నీ కలిసి ఇనుప కీలుని అరగదీశాయని ఈవేళ ఒక పరాయి మనిషి లైటు వేసి చూపిస్తోంది. ఇనుమే అరిగితే తన నడుం సంగతేమిటి? ఆమెకి ఏడుపొచ్చింది. ఏడవలేదు, కానీ వచ్చింది.

"పదకొండు సార్లు," అంది చివరికి. "చుట్టాలు రాని రోజు."

కళ్ళద్దాలావిడ తన బల్ల మీద మరలన్నీ ఒక మూతలో పోసింది. ఆ బల్ల కాళ్ళు నేలకి బోల్టులేసి బిగించి ఉండడం ఆమె కంటపడింది.

బాగుచేయించే ఖర్చుకి కొత్తదే నయమని తేలి, కొత్తవి చూపించడం మొదలయ్యేసరికి భర్త ఫోను. "తేలికది తీసుకో. కాయితంలా ఉంటాయి ఇప్పుడు. ఒంటిచేత్తో పట్టుకుని ఇంట్లో ఎక్కడికైనా వెళ్ళిపోవచ్చు. నీ మంచికే చెబుతున్నా." వెనకనుంచి అత్తగారి గొంతు, "చిన్నది తెమ్మను, వంటింటి గట్టు మీద పట్టేది."

షాపావిడ కూడా తేలికవే ముందు పరిచింది, పాపం, రోజుకి పదకొండు సార్లు మోసే మనిషి కదా అని. ఒకటి నిజంగానే పలకంత ఉంది. ఆమె దాన్ని ఎత్తి చూసింది. ఎంత ముద్దుగా ఉందో! దీన్ని పన్నెండోసారి కూడా జరపచ్చు, పదమూడోసారీ జరపచ్చు. దించి పెట్టేసింది.

"ఆ మూలది ఏమిటండీ?"

"అదా? పెద్ద తెర, మంచి మీటలు, చాలా గట్టిది. కానీ బాగా బరువండీ. దాని చార్జరే ఇటుకంత ఉంటుంది. అటూ ఇటూ తిప్పుకునేందుకు పనికిరాదు."

"బరువైనదే ఇవ్వండి," అంది ఆమె.

కళ్ళద్దాలావిడ ఒక్క క్షణం ఆమెని చూసింది. తర్వాత అమ్మకందారు మర్యాదలన్నీ వదిలేసి చిన్నపిల్లలా నవ్వింది.

డబ్బు ఆమెదే, కాబట్టి ఇంట్లో ఎవరూ అభ్యంతరం పెట్టలేదు, హాస్యం మటుకు ఆడారు. "టైపింగుకి ఇంతదా? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే!" అన్నాడు భర్త. ఆమె నవ్వింది. ఆదివారం సాయంత్రం పెద్ద బల్ల మీది పాత పేపర్లు కట్టకట్టి, తుడిచి, యంత్రాన్ని కిటికీ వైపు పెట్టింది. వైర్లన్నీ బల్ల కాలికి తాడుతో గట్టిగా కట్టింది. హెడ్‌ఫోన్లకి మేకు కొట్టింది. అది వంకర పోకుండా దిగింది.

సోమవారం పొద్దున్న మొదటి రిపోర్టు తెరిచింది. ఎవరో కొత్తమ్మాయి రాసింది, మందు మోతాదులో దశాంశ చుక్క ఒక అంకె అవతల పడింది. పెద్ద తెర మీద ఆ చుక్క గోడ మీద బల్లిలా కనిపించింది. ఆమె దిద్దుతూ ఉండగా భర్త టిఫిను పళ్ళెంతో వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

"ఇదిగో, కాస్త లోపలికి పట్టుకెళ్ళు. పది నిమిషాలు."

"ఇది లోపలికి రాదండీ. ఇక్కడే ఉంటుంది."

ఆయన యంత్రాన్ని చూశాడు, తాడు ముడి చూశాడు, మేకు చూశాడు. పళ్ళెం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఆ మొహంలో కోపం కంటే తికమకే ఎక్కువ ఉంది.

"మరి నేనెక్కడ కూర్చోను?"

పదమూడేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఇంకొకరి నోట రావడం అదే మొదలు. జవాబు వెతుక్కోవడం ఎంత కష్టమో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అందుకే జాలితోనే, నిజంగా జాలితోనే, హెడ్‌ఫోన్లు అందుకుంటూ చెప్పింది.

"ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోండి."