మూడో గేటు బిళ్లలు

హువాంగ్‌పు నది ఒడ్డున ఓడల కార్ఖానా మూతపడ్డాక పన్నెండేళ్లు అక్కడ తుప్పూ గడ్డీ తప్ప ఏమీ లేవు. ఇప్పుడది పార్కయింది. ఆ పని చేసిన ఆఫీసులో నేనూ ఉన్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. నాన్న అక్కడ ముప్పై ఒక్క ఏళ్లు వెల్డరు. మూసేశాక ఆ వైపే వెళ్లలేదు. పార్కు తెరిచే రోజు మాత్రం వస్తానన్నాడు. ఆయన లోపల అడుగుపెడితే చాలనుకున్నాను.

ఆ ఉదయం టీ సీసాలు పట్టుకుని నాన్నతో పాటు పాత పనివాళ్లు ఏడెనిమిది మంది వచ్చారు. మూడో గేటు దగ్గర ఆగిపోయారు. గోడమీద అద్దం వెనక వాళ్ల పేర్ల చెక్క బిళ్లలున్నాయి.

"ఇవన్నీ ఎర్రగా తిప్పిందెవరే?" అన్నాడు గ్వే బాబాయ్.

"నేనే బాబాయ్. ఫొటోల్లో బాగుంటుందని."

"బాగుందమ్మా! అందరం లోపలే ఉన్నామన్నమాట. మరి ఇక్కడున్న మేమెవరం, దయ్యాలమా?"

అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. కార్ఖానా రోజుల్లో పద్ధతి ఇది: లోపలికెళ్తే ఎరుపు వైపు, బయటికొస్తే వట్టి చెక్క వైపు తిప్పాలి. ఒక్క ఎర్ర బిళ్ల మిగిలినా గేటు మూయరు, వెతుకుతారు. అలా వెతికినప్పుడే ఒక సాయంత్రం ఓడ అడుగున తోటి పనివాడు దింగ్ శవం నాన్నకు కనిపించింది.

"వాడి బిళ్ల నా చేత్తో తిప్పి ఇంటికి పంపాను. నువ్వు మళ్లీ లోపల పెట్టావు" అని నాన్న వెనక్కి తిరిగాడు.

"ఆగు నాన్నా."

వడ్రంగిని పిలిచి అద్దం మరలు విప్పమన్నాను.

"అతిథులొచ్చే వేళకి ఇదేంటమ్మా?" అన్నారు మా పైఆఫీసరు.

"తప్పు నాదండీ. ఇప్పుడే దిద్దుతాను."

నాన్న ముందు దింగ్ బిళ్ల తిప్పాడు. తక్కినవాళ్లు మిగతావి అందుకున్నారు. "ఈ షావ్‌గాడిది ముందు తిప్పు, గంట కొట్టకముందే జారుకునేవాడు!" అన్నాడు బాబాయ్. అన్నీ తిప్పాక, ఎవరిది వాళ్లు మళ్లీ ఎర్రగా తిప్పుకుని లోపలికి నడిచారు. నాన్న చివర్న వెళ్లాడు.

పొద్దు వాలేసరికి అందరి బిళ్లలూ తిరిగాయి, ఒక్కటి తప్ప. వెతుక్కుంటూ వెళ్లాను. నాన్న పాత క్రేను కింద, పిల్లల్ని ఎత్తుకున్న ఎవరో దంపతులకు అతుకు ఎలా వేయాలో చేతులూపుతూ చెబుతున్నాడు.

"గేటు మూయాలి నాన్నా."

"మూయలేరులే. నేనింకా లోపలే ఉన్నానుగా" అన్నాడు.