శారద గిన్నె

కనకదుర్గ గిన్నె తోమి, తుడిచి, కిచెన్‌ కౌంటర్ మీద పెట్టింది. స్టీలు మూతగిన్నె, అంచు కింద చుక్కలు చుక్కలుగా ‘శారద’ అని పేరు. అమెరికా వచ్చి పార్సిప్పనీలో ఒకే అపార్ట్‌మెంట్లో తనూ స్నేహితురాలు శారదా కొత్త కాపురాలు పెట్టిన నాటి నుంచీ, అంటే నలభై ఏడేళ్ళుగా, అది ఈ ఇంటికీ ఆ ఇంటికీ తిరుగుతూనే ఉంది. ఏనాడూ ఖాళీగా వెళ్ళలేదు. గోంగూర పచ్చడితో వస్తే పులిహోరతో వెళ్ళేది. మంచుకి కొట్లు మూసేసిన వారం రెండు బెల్లం ముక్కలతో వెళ్ళింది. బిడ్డ దక్కక తను ఆస్పత్రి నుంచి వట్టి చేతులతో వచ్చినప్పుడు కూడా, గోడ పట్టుకుని లేచి, గుప్పెడు బియ్యం పోసి పంపింది.

పదకొండు రోజుల కిందట బందరులో అక్క పోయింది. నాన్న బడి మానిపించేస్తే, పల్లీల పొట్లాల కాగితాలు జాగ్రత్తగా విప్పి తెచ్చి ఇచ్చేది అక్కే. అవి కూడబలుక్కునే కనకదుర్గ చదువు నేర్చుకుంది. అలాంటి అక్కని సాగనంపడం ఫోన్లో చూసింది. మధ్యలో వీడియో ఆగిపోయి, పాడె గుమ్మంలోనే నిలిచిపోయింది. హాల్లోంచి భర్త విశ్వనాథం, “కాఫీ అయిందా?” అన్నాడు. తరవాత దగ్గరకొచ్చి, “ఎనభై రెండేళ్ళు బతికింది, ఇంకేం కావాలి? ఎవరికీ చెప్పకు. పరామర్శలంటూ వస్తారు, అందరికీ నువ్వే కాఫీలు పెట్టాలి,” అన్నాడు. దయగానే అన్నాడు.

శారదకి మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ సంగతి చెప్పలేక, “ఏం కూర?” అని అడిగి పెట్టేసింది. వెళ్ళి కూర్చుందామంటే డ్రైవింగ్ రాదు. ‘నీకెందుకు, నేనున్నాగా’ అని ఆయన నేర్చుకోనివ్వలేదు.

“గిన్నె ఇటియ్యి, వాకింగ్‌కి కార్లో పార్కుకి వెళ్తూ మూర్తీ శారదా వాళ్ళింట్లో ఇచ్చేస్తా,” అంటూ విశ్వనాథం మూత తీశాడు. “ఇందులో ఏమీ లేదా?”

“ఏం లేదు.”

“శారద ఏమనుకుంటుంది! కాస్త పంచదారన్నా వెయ్యి.”

కనకదుర్గ కదల్లేదు. ఆయనే ఒక అల్మరా తెరిచాడు, మూశాడు. ఇంకోటి తెరిచాడు. “పంచదార ఎక్కడ పెట్టావ్?”

ముప్ఫై ఏళ్ళుగా అదే డబ్బా, స్టవ్ పక్కనే, ఆయన మోచేతికి తగిలేంత దగ్గర. 

“అలాగే ఇచ్చేయండి,” అంది.

గొణుక్కుంటూ వెళ్ళాడు.

అరగంటలో గుమ్మం ముందు శారద కారు ఆగింది. నైటీ మీద కోటు, ఇంట్లో చెప్పులు, చేతిలో గిన్నె.

“మీ ఆయన మా ఇంట్లో కూర్చుని సారీలు చెప్తున్నాడు, నీకు మతిమరుపొచ్చిందట!” అంది. నవ్వబోయి మానేసి, దుర్గ మొహంలోకి చూసింది. “ఎవరే?”

“అక్క,” అంది కనకదుర్గ.

శారద ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, తన కోటు విప్పి, పాలు స్టవ్ మీద పెట్టి, చూడకుండానే చెయ్యి చాచి పంచదార డబ్బా అందుకుంది.